బ్రహ్మనాయుడు

బ్రహ్మనాయుడు క్రీ.శ. 12వ శతాబ్దంలో పల్నాటి సీమను పాలించిన హైహయ రాజుల మంత్రి, పల్నాటి వీరగాథకు కేంద్రమైన వ్యక్తి. ఇతనిని బ్రహ్మన్న అని, పల్నాటి బ్రహ్మన అని కూడా వ్యవహరిస్తారు. మాచర్ల రాజ్యానికి అండగా నిలిచిన రాజనీతిజ్ఞుడుగా, కులభేదాలు లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టిన 'చాపకూడు' ఆచారానికి ఆద్యుడుగా, బాలచంద్రుని తండ్రిగా తెలుగువారందరికీ సుపరిచితుడు. అయితే ఇతని జీవితాన్ని, పల్నాటి చరిత్రను మలుపు తిప్పినది ఒక కోడిపందెం. గెలుపు ఖాయమని అందరూ నమ్మిన పుంజును చేతిలో పెట్టుకొని కూడా ఆ పందెంలో ఓడి, తన ప్రభువులతో సహా 7 ఏళ్ళు రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ ఓటమి పర్యవసానమే కార్యమపూడి (నేటి కారంపూడి) రణరంగం.

ఆధారాలు

బ్రహ్మనాయుని గూర్చి మనకు తెలిసినదంతా ప్రధానంగా వీరగాథల నుండి వచ్చినదే. పల్నాటి కథను వీరవిద్యవంతులు, పిచ్చకుంటులవారు తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. శ్రీనాథ మహాకవి పేరుతో ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర' మంజరీ ద్విపదలో ఉన్నది. దీనిని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగెయిర్ పల్నాటిలో ఉండి, గాయకుల నోట విన్న కథను ఆధారం చేసుకొని 1982లో ఆంగ్లంలో గ్రంథం వెలువరించాడు. వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధులలో పల్నాటి వీరుల కథను పాడుతున్న దృశ్యం కనిపిస్తుంది. అంటే యుద్ధం జరిగిన కొద్ది తరాలకే ఈ కథ కృష్ణానదిని దాటి తెలంగాణ నడిబొడ్డుకు చేరిందన్నమాట.

యుద్ధకాలాన్ని చరిత్రకారులలో ఎక్కువమంది 1178-1182 ప్రాంతంగా నిర్ణయించారు. గాథలోని ప్రతి సంఘటననూ చరిత్రగా స్వీకరించడానికి వీలులేదు. మహిమలు, శాపాలు, పూర్వజన్మ వృత్తాంతాలు అందులో విరివిగా ఉన్నాయి. ఈ వ్యాసంలో అటువంటివి వదలివేసి, వివిధ పాఠాలు ఏకీభవించే కథాంశాన్నే ఇవ్వడం జరిగింది. పాఠాలు వేరుపడిన ముఖ్యమైన చోట్ల ఆ మాట చెప్పబడింది.

వంశం, తొలి జీవితం

పల్నాటి హైహయులలో మొదటివాడైన అనుగురాజు మధ్యభారతం నుండి తీర్థయాత్రలు చేస్తూ ఆంధ్రదేశానికి వచ్చాడని, వెలనాటి చోడుల కుమార్తె మైలమదేవిని వివాహమాడి పల్నాటి సీమను అరణంగా పొందాడని గాథ చెబుతుంది. అతని వెంట వచ్చిన మంత్రి దొడ్డనాయుడు. దొడ్డనాయుని కుమారులు బాదన్న, బ్రహ్మన్న. అనుగురాజుకు మొదట సంతానం లేకపోవడంతో బాదన్నను అతనికి దత్తత ఇచ్చారు. తరువాత రాజుకు ముగ్గురు భార్యలయందు పుత్రులు కలిగారు. వారిలో నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులు. తరువాతి కథంతా ఈ ఇద్దరి వైపుల మధ్య నడిచినదే.

బ్రహ్మన్న రేచర్ల గోత్రీకుడైన పద్మనాయకుడు, వైష్ణవుడు. భార్య ఐతమ్మ. తండ్రి తరువాత మంత్రిపదవి ఇతనికి సంక్రమించింది. అనుగురాజు మరణించేనాటికి నలగాముడు చిన్నవాడు. గురజాల రాజధానిగా రాజ్యభారమంతా కొంతకాలం బ్రహ్మనాయుడే వహించాడు.

సంస్కర్తగా

బ్రహ్మనాయుని కీర్తి యుద్ధం వలన కంటె అతని సంఘసంస్కారం వలన ఎక్కువకాలం నిలిచింది. వైష్ణవ దీక్ష తీసుకున్నవారందరూ, ఏ కులంవారైనా, ఒకే చాపమీద కూర్చుని భుజించాలన్నది అతని నియమం. దీనినే చాపకూడు అన్నారు. మాల కులస్థుడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా భావించి సేనానాయకుని చేశాడు. 12వ శతాబ్దంలో ఒక మంత్రి ఇంత పని చేయడం సామాన్యమైన విషయం కాదు. ఇతని కుమారుడు బాలచంద్రుడు యుద్ధానికి వెళ్ళినప్పుడు వెంట నడిచిన సహచరులు కూడా వేర్వేరు కులాలవారే.

మాచర్లలో చంద్రవంక ఒడ్డున ఉన్న చెన్నకేశవస్వామి ఆలయం బ్రహ్మనాయుని పేరుతో ముడిపడి ఉన్నది. చెన్నకేశవుడు అతని ఇష్టదైవం. గురజాల పక్షం శైవాన్ని, మాచర్ల పక్షం వైష్ణవాన్ని అవలంబించినందున కొందరు చరిత్రకారులు ఈ కలహాన్ని శైవ వైష్ణవ సంఘర్షణగా వివరించారు. అది కొంతవరకే నిజం కావచ్చు. గాథను చదివితే దాయాదుల పగ, పదవి కోసం పోటీ అంతకంటె బలంగా కనిపిస్తాయి.

నాగమ్మ రాక, రాజ్యవిభజన

నాయకురాలు నాగమ్మ స్వస్థలం పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఆర్వెల్లి అని ప్రతీతి. తండ్రి రామిరెడ్డితో పాటు పల్నాటికి వలస వచ్చి స్థిరపడింది. చిన్నతనంలోనే వైధవ్యం ప్రాప్తించినా వ్యవసాయాన్ని, ఆస్తిని స్వయంగా చక్కబెట్టుకొని పరిసర గ్రామాలలో పలుకుబడి సంపాదించింది. ఒకసారి వేటనుండి తిరిగివస్తున్న నలగామరాజు పరివారం దాహంతో అలమటిస్తుండగా ఆమె వారికి చలిపందిళ్ళు వేయించి విందు చేసింది. సంతోషించిన రాజు ఏ వరమైనా కోరుకొమ్మన్నాడు. తగిన సమయం వచ్చినప్పుడు అడుగుతానని మాట తీసుకొని, తరువాత 7 ఘడియలపాటు మంత్రిపదవిని కోరిందని కథ. ఆ కొద్ది కాలంలోనే ఆమె సమర్థతకు ముచ్చటపడి రాజు మంత్రిపదవిని ఆమెకే స్థిరం చేశాడు. తెలుగుదేశంలో తొలి మహిళామంత్రి ఆమె అని పేర్కొనేవారున్నారు. ఆమెను కేవలం కుట్రదారుగా చిత్రించిన పాతకథ ఒకవైపు మాత్రమే చెబుతున్నదన్న విమర్శ కూడా ఉన్నది. మనకు దొరికిన గాథను పాడినవారు మాచర్ల వీరులను కొలిచేవారని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

నాగమ్మ ప్రాబల్యం పెరగడంతో గురజాలలో బ్రహ్మనాయుని మాటకు విలువ తగ్గింది. చివరకు రాజ్యాన్ని రెండుగా పంచుకోవడానికి ఒప్పందం కుదిరింది. గురజాల నలగామునికి, మాచర్ల మలిదేవునికి దక్కాయి. బ్రహ్మనాయుడు మలిదేవుని వెంట మాచర్ల చేరాడు. ఆలయం, సేన, వ్యవసాయం, ప్రజల అభిమానం అన్నీ సమకూడి అనతికాలంలోనే మాచర్ల గురజాలతో సరితూగే రాజ్యమయింది.

కోడిపోరు

గురజాలవారు మాచర్లవారిని కోడిపందేలకు ఆహ్వానించారు. ఇది సరదా ఆటగా మొదలయింది. ఆనాటికే కోడిపందెం మన దేశంలో బాగా పాతుకొనిపోయిన వినోదం. దండి 'దశకుమారచరిత్ర'లో ప్రమతి కథలో ఒక కోడిపందెం వర్ణన ఉన్నది. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు నగరంలో కోళ్ళ పోరును చూసి కవి ముచ్చటపడతాడు. పందెపు కోళ్ళను ఈకల రంగునుబట్టి కాకి, డేగ, సేతు, పర్ల, నెమలి, కౌజు, పింగళ మొదలైన పేర్లతో పిలుస్తారు. ఏ వారం, ఏ పక్షంలో, పగటిపూట ఏ జామున, ఏ దిక్కున వదిలితే ఏ రంగు కోడి ఏ రంగు కోడిమీద గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం ఒకటి తెలుగు పల్లెలలో నేటికీ చలామణిలో ఉన్నది. దానిని నమ్మి పొలాలు పోగొట్టుకున్నవారి కథలు ప్రతి ఊరిలోనూ వినవస్తాయి.

బ్రహ్మనాయుని పుంజు పేరు చిట్టిమల్లు. నాగమ్మ పుంజు పేరు శివంగిడేగ. పేరునుబట్టి అది ఎర్రని డేగజాతి పుంజని తెలుస్తున్నది. చిట్టిమల్లు ఎదురులేని పుంజు. దానిని పెంచినవారికి, చూసినవారికి దాని గెలుపుమీద అనుమానం లేదు. ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ ప్రకారం తొలి పోరులో అదే గెలిచింది. మాచర్ల పక్షంలో ఉత్సాహం పెరిగింది. ఆ ఉత్సాహంలోనే పందెం కూడా పెరిగింది. చివరకు ఓడినవారు 7 సంవత్సరాలు రాజ్యం విడిచి వనవాసం చేయాలని, గడువు తీరిన తరువాత వారి రాజ్యం వారికి తిరిగి అప్పగించాలని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఈ పందేనికి బ్రహ్మనాయుడు అంగీకరించాడు.

నిర్ణాయకమైన పోరులో చిట్టిమల్లు ఓడిపోయింది. కారణం గూర్చి గాథలో ఒకే మాట లేదు. నాగమ్మ మంత్రతంత్రాలు తెలిసినవారి సాయం తీసుకొన్నదని కొందరు గాయకులు చెబుతారు. మోసం చేసి గెలిచిందని మాత్రం చెప్పి ఊరుకునేవారు కొందరు. మోసం జరిగిందన్న విషయంలో మాచర్ల పక్షపు పాఠాలన్నీ ఏకీభవిస్తాయి. ఏ పందెంలోనైనా ఓడినవారు చెప్పే మొదటి మాట అదే కనుక దీనిని నిర్ధారించడం కష్టం. పోట్లాడే పుంజు ఒకసారి గాయపడితే, అలసటతోనే మళ్ళీ బరిలోకి దించితే, ఎంత మేలుజాతిదైనా రెండవ పోరులో తడబడడం సహజమేనని కోళ్ళను పెంచేవారు చెబుతారు. గాథ ఈ సంగతి చెప్పదు. అయితే తొలి గెలుపు తరువాత ఓటమి అన్న క్రమం మాత్రం ఇందుకు విరుద్ధంగా లేదు.

మోసం మాట అలా ఉంచి, బ్రహ్మనాయునివంటి వివేకి రాజ్యాన్ని ఒక పుంజు కాలికి ఎందుకు కట్టాడన్నది పాఠకులకు కలిగే ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు పుంజు బలంలోనే ఉన్నదనిపిస్తుంది. పేకాట తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పోకర్ అనే ఆటలో నాలుగు రాజులు చేతికి రావడం చాలా అరుదు. అవి వచ్చినవాడు దాదాపు ఎప్పుడూ గెలుస్తాడు. కాని ఎదుటివాని చేతిలో నాలుగు ఆసులు ఉన్న రోజున అతడే అందరికంటె ఎక్కువ పోగొట్టుకుంటాడు. ముక్కలు బాగాలేనివాడు మొదటే పడేసి పక్కకు తప్పుకుంటాడు. అతనికి పోయేది కొద్ది రూపాయలు. సర్వస్వం ఒడ్డేది మంచి ముక్కలు ఉన్నవాడే. చిట్టిమల్లు నాసిరకం పుంజు అయివుంటే బ్రహ్మనాయుడు నవ్వి ఊరుకొని మాచర్లకు తిరిగివచ్చేవాడు. 7 ఏళ్ళ వనవాసం మాట వచ్చి ఉండేదే కాదు.

మరొక విషయం కూడా గమనించాలి. ఈ పందెంలో రెండు పక్షాలకు ఉన్న నష్టభయం సమానం కాదు. గురజాల పెద్దపీట. నలగాముడు అనుగురాజు వారసుడుగా స్థిరపడి ఉన్నాడు. మాచర్ల కొత్తగా చేతికి వచ్చిన రాజ్యం. దానికి పునాది పంపకపు ఒప్పందమొక్కటే. అటువంటి రాజ్యాన్ని 7 ఏళ్ళు ఎదుటివారి చేతికి అప్పగిస్తే, గడువు తీరిన తరువాత తిరిగి వస్తుందనడానికి పూచీ ఎవరు? నలగాముని మాట తప్ప వేరే హామీ లేదు. ఒకవేళ చిట్టిమల్లు గెలిచినా, నలగాముడు నిజంగా గురజాల విడిచి అడవులకు వెళ్ళేవాడా అన్నది సందేహమే. అంటే గెలిస్తే వచ్చేది అనుమానం, ఓడితే పోయేది ఖాయం. చెయ్యి బలంగా ఉన్నదన్న నమ్మకంలో బ్రహ్మనాయుడు ఈ లెక్కను చూసుకోలేదు. ఇది గాథను పాడినవారి అభిప్రాయం కాదు. వారి దృష్టిలో అతడు విష్ణ్వంశ సంభూతుడు, తప్పంతా నాగమ్మది. కాని కథాక్రమాన్ని నింపాదిగా పరిశీలిస్తే ఈ అభిప్రాయానికి రాక తప్పదు.

ఈ ఘట్టాన్ని మహాభారతంలోని ద్యూతంతో పోల్చడం పరిపాటి. పాచికల స్థానంలో కోడిపుంజులు, 13 ఏళ్ళ వనవాస అజ్ఞాతవాసాల స్థానంలో 7 ఏళ్ళు, తరువాత రాయబారం, యుద్ధం, అభిమన్యుని పోలిన బాలచంద్రుడు వరుసగా కనిపిస్తారు. పల్నాటి కథను ఆంధ్రుల భారతమని అనడం ఇందువల్లనే. అయితే ఒక భేదమున్నది. ధర్మరాజుకు పాచికలాడడం సరిగా రాదు. ఆట వచ్చిన శకునితో ఆట రాక ఓడిపోయాడు. బ్రహ్మనాయునికి కోళ్ళు తెలుసు, అతని పుంజు మంచిది, తొలి పోరు గెలిచాడు కూడా. కాబట్టి ఈ ఓటమి ధర్మరాజు ఓటమికంటె మింగుడుపడనిది.

ఓడిన తరువాత బ్రహ్మనాయుడు ప్రవర్తించిన తీరు మాత్రం నిందకు తావులేనిది. చేతిలో సేన ఉన్నది, కన్నమదాసువంటి నాయకులున్నారు, మోసం జరిగిందన్న నమ్మకం తనవారందరిలోనూ ఉన్నది. ఆ నెపంతో పందేన్ని తోసిపుచ్చి అక్కడికక్కడే యుద్ధానికి దిగవచ్చు. అతడు ఆ పని చేయలేదు. ఇచ్చిన మాట ప్రకారం మలిదేవులను, పరివారాన్ని, పశువుల మందలను వెంటబెట్టుకొని మాచర్ల విడిచాడు.

వనవాసం

ప్రవాసులు మొదట మండాది ప్రాంతానికి, తరువాత త్రిపురాంతకం సమీపంలోని మేడపికి చేరారు. త్రిపురాంతకం శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారం. అక్కడికి పడమరగా నల్లమల అడవులు కృష్ణానది దాకా వ్యాపించి ఉన్నాయి. నదికి ఆవలి ఒడ్డున అదే అడవి అమ్రాబాద్ పీఠభూమిగా పాలమూరు సీమలో కొనసాగుతుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం ఆ పీఠభూమి అంచున ఉన్నది. మాచర్లవారి ప్రవాసం ఈ అడవుల తూర్పు అంచున గడిచింది. రాజభోగాలకు అలవాటుపడినవారికి పశువులను మేపుకుంటూ అడవి అంచున బ్రతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మండాదిలో ఉన్నప్పుడే గురజాలవారు పంపిన విలుకాండ్రు మాచర్లవారి ఆలమందలపై దాడిచేశారు. మందలను కాపాడబోయి లంకన్న అనే కాపరి ప్రాణాలు విడిచాడు. దీనిని మందపోరు అంటారు. పందెం షరతులలో ఇటువంటి దాడికి చోటులేదు. ఓడినవారు షరతును పాటిస్తుండగా గెలిచినవారు దానిని మీరడం ఇక్కడినుండే మొదలయింది.

రాయబారం

7 ఏళ్ళ గడువు పూర్తయింది. ఒప్పందం ప్రకారం మాచర్లను తిరిగి ఇమ్మని అడగడానికి అలరాజును రాయబారిగా పంపారు. అలరాజు కొమ్మరాజు కుమారుడు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. మామగారి వద్దకు అల్లుణ్ణి పంపితే మాట చెల్లుతుందని బ్రహ్మనాయుడు భావించి ఉంటాడు. ఇది కూడా చూడడానికి బలమైన ఎత్తే. గురజాల సభలో అలరాజు తమ పక్షం వాదన వినిపించాడు. ఫలితం లేకపోయింది. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు వద్ద అతనికి విషం పెట్టి చంపారు. అతని భార్య పేరిందేవి సహగమనం చేసింది. కన్నకూతురు చితి ఎక్కడంతో నలగాముని ఇంటికి కూడా ఈ పగ చిచ్చు పెట్టింది.

దీనితో యుద్ధం అనివార్యమయింది.

కార్యమపూడి యుద్ధం

రెండు సేనలు నాగులేటి తీరాన కార్యమపూడి వద్ద మోహరించాయి. నలగాముని వైపు సంఖ్యాబలం ఎక్కువ. బ్రహ్మనాయుని వైపు 66 మంది వీరనాయకులు నిలిచారని ప్రతీతి. ఈ వీరులనే నేటికీ పల్నాటిలో దేవతలుగా కొలుస్తున్నారు.

బాలచంద్రుడు ఐతమ్మకు లేకలేక కలిగిన బిడ్డ. యుద్ధంలో అతనికి గండమున్నదన్న భయంతో బ్రహ్మనాయుడు అతనిని వెంట తీసుకొని రాలేదు. బాలచంద్రునికి యుద్ధం సంగతి బొంగరాల ఆటలో తెలిసిందని కథ. తల్లి ఆశీస్సు తీసుకొని, భార్య మాంచాల వద్ద సెలవు పొంది రణరంగానికి బయలుదేరాడు. మాంచాల అతనికి కత్తి చేతికిచ్చి సాగనంపిన ఘట్టం తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధం. ప్రియమిత్రుడు అనపోతును యుద్ధానికి రానీయరాదని బాలచంద్రుడు ఉపాయంతో వెనుకకు పంపగా, ఆ సంగతి గ్రహించి అనపోతు ఆత్మత్యాగం చేసుకున్నాడు.

బాలచంద్రుడు చేరేసరికి పరిస్థితి వేరుగా ఉన్నదని కావ్యం చెబుతుంది. రెండు పక్షాల మధ్య సంధి మాటలు నడుస్తున్నాయి. బ్రహ్మనాయుడు సంధికి మొగ్గుచూపాడు. ఒకసారి సర్వం ఒడ్డి ఓడినవాడు రెండవసారి ఒడ్డడానికి వెనుకాడడం ఆశ్చర్యం కాదు. అలరాజు హత్యకు బదులు తీర్చకుండా సంధి ఏమిటని బాలచంద్రుడు తండ్రితో వాదించాడు. తండ్రి మాట నెగ్గలేదు. బాలచంద్రుడు తన సహచరులతో నలగాముని సేనలోకి చొచ్చుకొనిపోయి అసమానమైన పరాక్రమం చూపి మరణించాడు. తరువాత జరిగినది యుద్ధమనడం కంటె పరస్పర వినాశమనడం సబబు. మలిదేవుని పక్షపు వీరులు దాదాపు అందరూ నేలకొరిగారు. గురజాల పక్షంలో కూడా మిగిలినవారు కొద్దిమంది.

చివరి దశ

యుద్ధాంతంలో బ్రహ్మనాయుడు, నలగాముడు, నాగమ్మ మిగిలారు. నాగమ్మ గతి గూర్చి పాఠాలలో భేదాలున్నాయి. చాలా కథల ప్రకారం బ్రహ్మనాయుడు ఆమెకు ప్రాణహాని చేయలేదు. నలగాముని చంపలేదు, పదవినుండి తొలగించలేదు. రాజ్యాన్ని అతనికే విడిచిపెట్టాడు. ఏ మాచర్ల కోసం ఇంత జరిగిందో ఆ మాచర్లను ఏలడానికి మలిదేవుని వంశంలో ఎవరూ మిగలలేదు. బ్రహ్మనాయునికి కొడుకు మిగలలేదు.

తరువాత అతడు పిడుగురాళ్ళ సమీపంలోని గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని, మళ్ళీ బయటకు రాలేదని గాథ. బ్రహ్మనాయుడు ఇప్పటికీ ఆ బిలంలో తపస్సు చేస్తున్నాడని నమ్మేవారున్నారు. ఈ గుహలు నేడు పర్యాటక స్థలం.

రాజకీయంగా చూస్తే ఈ యుద్ధం వల్ల లాభపడినవారు పల్నాటి వారెవరూ కారు. నలగామునికి అండగా ఉన్న వెలనాటి చోడుల బలం దీనితో క్షీణించింది. ఓరుగల్లునుండి పాలిస్తున్న కాకతీయ రుద్రదేవుడు (పాలన 1158-1195) తీరాంధ్రంపై ఆధిపత్యం సాధించడానికి ఈ పరిణామం తోడ్పడిందని చరిత్రకారులు భావిస్తారు.

కారంపూడి వీరారాధన ఉత్సవాలు

యుద్ధం జరిగిన కారంపూడిలో ప్రతి ఏటా కార్తీక అమావాస్యనుండి 5 రోజులపాటు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఈ 5 రోజులకు పేర్లు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను వీరాచారవంతులు పల్నాటి గ్రామాలనుండి, ఇతర ప్రాంతాలనుండి తీసుకొనివచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి ఊరేగిస్తారు. మందపోరు నాడు చాపకూడు సిద్ధంచేసి అన్ని కులాలవారు కలిసి భోజనం చేస్తారు. 

నాల్గవ రోజు కోడిపోరు. ఒకరు బ్రహ్మనాయుని పక్షాన, మరొకరు నాగమ్మ పక్షాన పుంజులను పట్టుకొని ఆనాటి పందేన్ని మళ్ళీ నడిపిస్తారు. చిట్టిమల్లు ఓడిపోతుందని అక్కడికి వచ్చిన ప్రతివారికీ తెలుసు. అయినా వేలాదిమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. మామూలు కోడిపందేలు 1974 నాటి జూద నిరోధక చట్టం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. కారంపూడిలో జరిగేది ఆచారంగా సాగే ప్రదర్శన. దానిలో డబ్బు పందెం ఉండదు. 2022లో పల్నాడు పేరుతో ప్రత్యేక జిల్లా ఏర్పడినప్పటినుండి మాచర్ల, గురజాల, కారంపూడి మూడూ ఆ జిల్లాలోనే ఉన్నాయి.

సాహిత్యం, చలనచిత్రాలు

ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ కథను 'నాయకురాలు' అనే నాటకంగా రచించాడు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. అందులో బ్రహ్మనాయునిగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. 1966లో అదే పేరుతో మరొక చిత్రం గుత్తా రామినీడు దర్శకత్వంలో వెలువడింది. అందులో బ్రహ్మనాయుని పాత్ర నందమూరి తారక రామారావు, నాగమ్మ పాత్ర భానుమతి ధరించారు. రెండు చిత్రాలలోనూ కోడిపోరు ప్రధాన ఘట్టమే.